డీఫాల్టుని నమ్మని మావయ్య

మా మావయ్య పోయారు. సముద్రం ఒడ్డున ఉన్న వాళ్ళ ఊరు బాగన్ దాతుక్ నుంచి అత్త ఫోన్ చేసేసరికి నేను నగరంలో, బ్రిక్‌ఫీల్డ్స్ ఆఫీసులో ఉన్నాను. ఆయన పాత యూనిక్స్ కంప్యూటరు మీద రాసిన ప్రోగ్రామునే విండోస్‌కి మారుస్తున్నాను. సముద్రపు పోటు లెక్కకట్టి, కొబ్బరి ఎస్టేటు కరకట్ట తూము ఎప్పుడు మూయాలో చెప్పే ప్రోగ్రాము అది. పెద్ద పోటు వచ్చేలోగా సిద్ధం కావాలి. లేకపోతే ఉప్పునీళ్ళు తోటలోకీ, కట్ట వెనకే ఉన్న ఆయన ఇంట్లోకీ వస్తాయి. ఏడుపుకన్నా ముందు నాకు భయమే వచ్చింది.

ఈ పని నాకు నేర్పింది ఆయనే. టీ కొట్టుకి వెళ్తే ఊరికే "టీ" అని అడిగేవారు కాదు. పాలెంత, పంచదారెంత, గ్లాసా కప్పా, అన్నీ చెప్పేవారు. నేను నవ్వితే, "అడక్కపోతే కొట్టువోడు ఆడి అలవాటు కొద్దీ పోసేస్తాడు లా. కంపైలరూ అంతే, పిల్లా" అనేవారు, ఇక్కడివాళ్ళ ఊతపదం 'లా' కలిపి. డీఫాల్టు, అంటే మనం చెప్పకపోతే దానంతటదే ఉండే సెట్టింగు, ఆ మాట వింటే అన్నంలో రాయి తగిలినట్టు మొహం పెట్టేవారు. ప్రతి సెట్టింగూ పైకి చదువుతూ, మార్చనక్కర్లేనిది కూడా తన చేత్తో రాసేవారు. మనం రాసినదాన్ని మెషీను భాషలోకి మార్చే కంపైలర్ ఏ హెచ్చరికా ఇవ్వకపోతే మరీ కంగారు.

"ఏటీ అన్లేదంటే అన్నీ బాగున్నాయని కాదు. నువ్వు అడగలేదని."

"అనుమానం పెనుభూతం మావా!" అని ఆటపట్టించేదాన్ని.

కర్మకాండ అయ్యాక మళ్ళీ పనిలో కూర్చున్నాను. కంపైలర్ కిక్కురుమనలేదు. చిన్న పోటు లెక్క చక్కగా వచ్చింది. పెద్ద పోటు వివరాలు ఇచ్చానో లేదో, ప్రోగ్రాము చెప్పాపెట్టకుండా ఆగిపోయి తెర మీంచి మాయమైపోయింది. వెతగ్గా వెతగ్గా తెలిసింది. ప్రోగ్రాము నడిచేటప్పుడు లెక్కలు పెట్టుకునే చోటు, స్టాక్, యూనిక్స్‌లో ఉన్నంత విండోస్‌లో ఉండదు. మనం అడక్కపోతే కొంచెమే ఇస్తుంది. ఎక్కువ చోటు అడిగాను, నడిచింది. కానీ ఇంకేం అడగడం మరిచానో అన్న బెంగ అప్పుడే పట్టుకుంది. అది తీర్చగల మనిషి లేరు.

పెద్ద పోటు నాటి పొద్దున బాగన్ దాతుక్ వెళ్ళాను. ప్రోగ్రాము చెప్పిన వేళకే తూము మూశారు. ఇరుగుపొరుగు వాళ్ళు సామాను బల్లల మీదకి ఎక్కించుకుంటున్నారు. అత్త ఇంట్లో మాత్రం బియ్యం బస్తా నేలమీదే ఉంది.

"ఎత్తలేదేటి అత్తా?"

"ఎందుకే? మీ మావ ఉన్నప్పుడు ఎత్తినానా? ఇప్పుడు నువ్వు సేసినావు గదా."

ఆవిడ వంటింట్లోకి వెళ్ళగానే బస్తాని ఈడ్చి, ఎత్తి, మంచం మీద పెట్టాను. కిటికీలోంచి చూస్తే, కట్టకి అవతల, సముద్రం నీళ్ళలో కట్టేసిన పడవ ఒకటి మా అత్త వాకిలికన్నా ఎత్తులో తేలుతోంది.