మా గోత్రంలో చేరిన మిడ్‌ఫీల్డర్

మా ఫుట్‌బాల్ క్లబ్ వదిలిపోయిన ఆ పద్నాలుగో నంబర్ ఆటగాడి గురించి మా ఇంట్లో అందరూ మర్యాదగానే మాట్లాడతారు. నేను మాట్లాడను. 2007 నుంచి 2009 దాకా మూడు సీజన్లు, నా మనవరాలిని వెంటబెట్టుకుని వెళ్ళి, అతని ఆట ముప్పై ఎనిమిదిసార్లు చూశాను. చూసిన ప్రతిసారీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ముప్పై ఎనిమిది మ్యాచ్‌లకి ఏడు గోల్స్. అందులో మూడు పెనాల్టీలు, అంటే గోల్‌కీపర్ తప్ప ఇంకెవరూ అడ్డురానివి. మిడ్‌ఫీల్డ్‌లో ఆడేవాడికి అది తక్కువేం కాదని మా అల్లుడు అంటాడు. గోల్ కొట్టినప్పుడల్లా ఆ మనిషి చొక్కా మీది క్లబ్ గుర్తుని ముద్దుపెట్టుకునేవాడు. అది చూసినప్పుడే నాకు అనుమానం వచ్చింది.

మొదటి సీజన్‌కి మనవరాలికి ఏడేళ్ళు. అతనిలాగే అదీ ఎడమ కాలితో ఆడేది. గది గోడల నిండా అతని బొమ్మలే. మ్యాచ్ అయ్యాక రెయిలింగ్ దగ్గర చెయ్యి చాపి నిలబడేది. మూడేళ్ళలో రెండుసార్లు ఆ చెయ్యి తాకాడు. ఒకసారి "సీ యూ నెక్స్ట్ వీక్" అన్నాడు. తర్వాతి వారం మ్యాచే లేదు. తన మ్యాచ్ ఎప్పుడో తనకే తెలియని మనిషి.

2008 ఆగస్టులో అతని మోకాలికి దెబ్బ తగిలింది. గుళ్ళో అర్చన చేయించమని మనవరాలు పట్టుబట్టింది. ఇక్కడే నా తెలివితక్కువతనం. క్లబ్ వెబ్‌సైట్‌లో పుట్టిన తేదీ ఉంది, టైం లేదు. ముప్పై ఒక్క ఏళ్ళు హాస్పిటల్ ల్యాబ్‌లో డాక్టర్‌గా పనిచేసినదాన్ని, పంచాంగం ముందేసుకుని అతను పుట్టిన ఊరి టైం తేడా లెక్కగట్టాను. ఆ రోజు పొద్దుట్నించి రాత్రిదాకా పునర్వసే కాబట్టి సరిపోయింది. ఫారంలో గోత్రం దగ్గర చెయ్యి ఆగింది. పని తెమిలితే చాలని మనవరాలి గోత్రమే, భారద్వాజ అని, రాసేశాను. ఒక్కసారి చేయిస్తే చాలదని అది గొడవ చేస్తే, ఏటా అతని నక్షత్రం నాడు జరిగే శాశ్వత అర్చనకి సంతకం పెట్టాను.

"అమ్మమ్మా, హి ఈజ్ అవర్ గోత్రం నౌ, రైట్?" అంది కార్లో.

"ఆఁ. రేపు ఆస్తి పంపకాలకి కూడా వస్తాడు చూడు" అన్నాను.

అది నవ్వలేదు. ఆ రోజునుంచీ అతను దాని లెక్కలో ఇంటి మనిషి.

2010 ఫిబ్రవరి 26, శుక్రవారం. వేరే క్లబ్‌కి వెళ్ళిపోతున్నట్టు ప్రకటించాడు. తనే అడిగి వెళ్ళాడట. వెబ్‌సైట్‌లో నాలుగు వాక్యాల వీడ్కోలు, నా గుండె ఎప్పటికీ ఇక్కడే అంటూ. ఇక్కడికి వచ్చేముందు పాత క్లబ్‌ని వదిలినప్పుడు ఏం రాశాడో వెతికి చూశాను. ఊరి పేరు తప్ప అక్షరం మారలేదు. కొత్తగా నాలుగు వాక్యాలు రాసే ఓపిక కూడా లేదు ఆ గుండెకి.

మనవరాలు రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఏడవనూ లేదు. అదే నన్ను భయపెట్టింది. బొమ్మలన్నీ చింపి చెత్తబుట్టలో వేసింది. బంతి గరాజ్‌లో పడేసింది.

"ఇదంతా బిజినెస్, అత్తయ్యగారూ" అన్నాడు మా అల్లుడు, "నేను మాత్రం మూడు కంపెనీలు మారలేదా?"

"నాలుగు. నువ్వు మారినప్పుడు ఎవరూ అన్నం మానెయ్యలేదులే బాబూ" అన్నాను.

మూడో వారంలో మనవరాలు నోరు విప్పింది. "అమ్మమ్మా, టెంపుల్‌లో కూడా క్యాన్సిల్ చెయ్యి. వాడు మనవాడు కాదు."

మార్చి 20న తీసుకెళ్ళాను. ఆఫీసులో అర్చకులవారే కూర్చుని ఉన్నారు.

"శాశ్వత అర్చన ఆపడం ఉండదు డాక్టరమ్మా. కావాలంటే పేరు మార్చుకోండి" అన్నారు.

"నీ పేరు పెట్టించుకోవే. నీ కాలికైనా పనికొస్తుంది" అన్నాను. నాకు ఆ మనిషి పేరు ఎంత తొందరగా పోతే అంత హాయి.

అది రిజిస్టర్‌లో అతని పేరు వేలితో వెతికి పట్టుకుంది.

"పేరు తీసేస్తే హిజ్ నీ... ఆ మోకాలికి మళ్ళీ నొప్పి వస్తుందా?"

అర్చకులవారు నా వైపు చూశారు. నేనేమీ సాయం చెయ్యలేదు.

"అది మనం చెప్పలేం తల్లీ" అన్నారాయన.

అది వేలిని పేరు మీదనుంచి గోత్రం మీదికి జరిపింది. తర్వాత, "ఓకే. నేమ్ ఉంచండి. గోత్రం తీసేయండి" అంది.

ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. "గోత్రం తెలియనివాళ్ళకి కాశ్యప గోత్రం చెబుతాం. అది రాయనా?"

"అది మాది కాదు కదా?"

"కాదమ్మా."

"దెన్ ఓకే."

భారద్వాజ మీద ఆయన అడ్డంగా గీత గీసి పక్కన కాశ్యప అని రాసేదాకా అది కదల్లేదు. ఆ పద్నాలుగో నంబర్ పెద్దమనిషి మీద నాకైతే ఆ పాటి దయ కూడా లేదు. కారెక్కి బెల్ట్ పెట్టుకున్నాక, ఇరవై రెండు రోజుల తర్వాత, ఏడవడం మొదలుపెట్టింది. ఎడిసన్‌లో మా ఇంటికి పదకొండు మైళ్ళు. నేను నెమ్మదిగా పోనిచ్చాను.