కథకు ముందు నేను నిలబడ్డాను

గిరిసోల చుట్టుపక్కల పల్లెల్లో మా నాన్న జముకుల కథ చెప్పేవాడు. జముకు అంటే ఒకవైపు తోలు మూసిన చిన్న డోలులాంటిది. దాని తీగను లాగి మీటుతూ పాడతారు. నాన్న ముందు నిలబడి అమ్మవారి కథ పాడితే, వెనక చిన్నాన్న, నేను వంత పాడేవాళ్లం. భర్త పోయి, అత్తతో పుట్టింటి వీధిలోనే ఉంటున్నప్పుడూ నేను వంత మానలేదు.

ఒక వానాకాలం నాన్నకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. చిన్నాన్న జముకు తన ఇంటికి పట్టుకుపోయాడు. వెళ్లి అడిగాను.

"ఇంక కథ నాను సెప్తాను. ఆడది ముందు నిలబడితే జనం ఏటంటారు?"

"నాను పాడినాక ఏటంటారో ఇందాం" అని గోడకున్న జముకు తీసుకుని వచ్చేశాను.

సాయంత్రానికి కులపెద్ద మా అరుగు మీద ఉన్నాడు.

"ఊరూరా తిరిగి పాడితే మన పరువుంటాదేటమ్మా?"

"నాట్లకి ఊరూరా తిరిగినప్పుడు పోనేదు గదా పెద్దయ్యా. పాటకెందుకు పోద్ది?"

కోడలికి బుద్ధి చెబుతుందని ఆయన మా అత్త వైపు చూశాడు. అత్త తాపీగా, "దానికి వంత కావాల. నాను ఎల్తన్నాను" అంది. అప్పటికి ఆవిడకు ఒక్క చరణం రాదు.

కులపెద్ద చుట్టుపక్కల ఊళ్లలో ఎవరూ నన్ను పిలవకుండా చేశాడు. నాన్న మందులకు దారి లేదు. ఆయన్ని అమ్మకు అప్పగించి మేమిద్దరం బరంపురం రైలెక్కాం. అక్కడ అప్పడాలు ఒత్తే పని దొరికింది. పిండి ఒత్తుతూనే అత్తకు వంత నేర్పాను.

మా వీధిలో అమ్మవారి పండగొచ్చింది. పందిరి వేయించిన కుర్రాడు సినిమా పాటలు పాడమన్నాడు.

"కథ ఎవులింటారు?"

"ఇనేవోలు ఇంటారు. నాకొచ్చింది ఇదే."

కథ ఎత్తుకున్నాను. సగంలో అతను మైకు ఆపేశాడు. నేను పందిరి అరుగు దిగి చాపల మీద కూర్చున్న ఆడవాళ్ల మధ్య నిలబడి పాడాను. అత్త శ్రుతి తప్పితే నవ్వారు. ఆపలేదు. ఒక ఒడియా ఆవిడ తరవాతేమైందని అడిగింది. ఆ ముక్క ఒడియాలో చెప్పి, పాట మళ్లీ తెలుగులో ఎత్తుకున్నాను. అప్పటి నుంచి నా కథ అలాగే నడిచింది. పురుషోత్తంపూర్ పిలిచింది, గోపాల్‌పూర్‌లో చేపలు పట్టే పల్లెకారులు పిలిచారు.

కొన్నేళ్లకు మా ఊరూ పిలిచింది. చిన్నాన్న ముందు, నేను పక్కన నిలబడాలని కులపెద్ద కబురు.

"ముందు నానే. సిన్నాన్న వంతకొస్తే కలుపుకుంటాను" అని చెప్పి పంపాను.

వచ్చాడు. వంత మాత్రం ఆయన ఎప్పుడూ బాగా పాడేవాడు, ఆ రోజూ పాడాడు. నాన్నను మంచం మీద తెచ్చి ఎదురుగా ఉంచారు. పొద్దు వాలుతోందని నేనొక ఘట్టం దాటేశాను. నాన్న పనిచేసే చేత్తో మంచం పట్టె మీద గట్టిగా కొట్టాడు. మళ్లీ కొట్టాడు. జనం తిరిగి చూశారు. నేను ఆపి, వెనక్కి వెళ్లి, వదిలేసింది మొత్తం పాడాను. ఊళ్లో ఆయన ఒక్కడికే లొంగాను.