గుర్రం ఎక్కిన ఇంగ్లిష్ బడి

మా బోర్డింగ్ స్కూలు చరిత్ర రాసిపెట్టమని మేడం ఈ మధ్య కబురు పెట్టారు. పాత విద్యార్థులంతా ఒకచోట కలుస్తున్నారట, ఆ సభలో చదవాలట. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ వెనక సందులో ఆవిడ ఫ్లాటు. నేను వెళ్లి కూర్చోగానే షరతు పెట్టారు.

"అన్నీ రాయి నాన్నా. ఆ గుర్రం సంగతి మాత్రం వద్దు."

గుర్రాన్ని తీసేస్తే మా స్కూలుకు చరిత్రే లేదు.

ఎల్బీనగర్ దాటితే ఇంకా చేలే ఉన్న కాలంలో, మూతపడిన ఒక కోళ్ల ఫారంలో ఆ బడి మొదలైంది. కోళ్లు వెళ్లిపోయాయి గానీ వాసన వెళ్లలేదు. మేడం భర్త, మా ప్రిన్సిపాల్ సారు, గుంటూరు వైపు మనిషి. ఇంగ్లండు ఎన్నడూ చూడలేదు. అక్కడి పల్లెటూరి బోర్డింగ్ స్కూలు బొమ్మ ఏదో క్యాలెండరులో చూశారు, అంతే. ఆ బొమ్మను నమ్ముకుని మార్చి ఎండలో కూడా మా మెడలకు టైలు బిగించారు. పొద్దున పోసే రాగిజావను పారిడ్జ్ అనమన్నారు. ప్రాణాపాయం వస్తే తప్ప తెలుగు మాట్లాడకూడదన్నారు. నల్లగొండ నుంచి వచ్చి సిటీ బస్సు నడుపుతున్న మా నాన్న, సారు ఎవరో పిల్లవాణ్ణి ఇంగ్లిషులో తిట్టడం గేటు దగ్గర విని మురిసిపోయాడు. నన్ను అక్కడే చేర్పించాడు.

ఆ బొమ్మలో ఒక మూల గుర్రం కూడా ఉండేది. దాంతో సారు మలక్‌పేట నుంచి, పందాలు మానేసిన ముసలి గుర్రాన్ని ఒకదాన్ని కొనుక్కొచ్చారు. అది చాలా నెమ్మదస్తురాలు. మా పారిడ్జ్‌ను ఇష్టంగా తాగిన ప్రాణి ఆ బడిలో అదొక్కటే. రైడింగ్ క్లాసంటే మేమంతా వరసగా నిలబడి దాన్ని చూడటమే. పేరెంట్స్ డే నాడు తానే స్వారీ చేసి చూపిస్తానని సారు ప్రకటించారు.

ఆ రోజు కోటు వేసుకుని, స్టూలు మీది నుంచి గుర్రం ఎక్కారు. దాని మీదే కూర్చుని ఇంగ్లిషులో ఉపన్యాసం మొదలుపెట్టారు. ఇంతలో కార్యక్రమానికి వేళయిందని ఎవరో బడిగంట కొట్టారు. వీపు మీద మనిషి ఉండగా గంట వినేసరికి దానికి పాత పందాల రోజులు గుర్తొచ్చినట్టున్నాయి. షామియానా తాడు తెంపుకుని, పక్క చేలోకి దూసుకుపోయింది.

"ఆపండ్రా బాబూ, చచ్చిపోతాను, ఎవరన్నా పట్టుకోండయ్యా" అని సారు అచ్చమైన గుంటూరు తెలుగులో కేకలు వేశారు. ఆయన నోట తెలుగు వినడం మాకు అదే మొదటిసారి. ఆ సంబరంలో మేమెవరం కదల్లేదు.

మా నాన్న మాత్రం వెనకాలే పరుగెత్తాడు. "కళ్లెం గుంజుండ్రి సార్, జర ఎన్కకు వంగుండ్రి."

సారు గుంజారు. గుర్రం పక్కకు తిరిగింది. సారు తిరగలేదు. నేరుగా వెళ్లి వరిమడిలో పడ్డారు.

నాన్న ఆయన్ని లేపి తీసుకొచ్చాడు. బడి ఇక మూతపడ్డట్టే అనుకున్నాం. తల్లిదండ్రులంతా నవ్వు ఆపుకుని చూస్తున్నారు. సారు ఒక చేత్తో మొహం మీది బురద తుడుచుకున్నారు.

"ప్రాణాపాయం కదండీ," అన్నారు, "అందుకే తెలుగులో అరిచాను."

షామియానా కింద అందరూ పగలబడి నవ్వారు. సారు కూడా నవ్వారు, విరిగిన చెయ్యి పట్టుకునే. ఆయన్ని దవాఖానకు తీసుకుపోయాక నాన్న నా దగ్గరికి వచ్చాడు. "పిల్లల ముందల పడి గూడ నవ్విండు. మంచి సారే. ఈడనే సదువుకో బిడ్డా."

ఆ తర్వాత సాయంత్రాలు తెలుగుకు అనుమతి దొరికింది. గంట పోయి విజిల్ వచ్చింది. గుర్రాన్ని మళ్లీ ఎవరూ ఎక్కలేదు, బతికినన్నాళ్లూ అక్కడే గడ్డి మేసింది. కొన్నేళ్లకు కాలనీలు మా గోడ దాకా వచ్చాయి. బడి అమ్ముడుపోయింది. ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్లు. సారు కూడా పోయారు.

షరతును పక్కనపెట్టి ఇదంతా రాసి, మేడంకు చదివి వినిపించాను. కోప్పడతారనుకున్నాను. మధ్యలో ఒక్కచోటే ఆపారు.

"పడ్డారని రాయకు. దూకారు."

"దూకితే చెయ్యి ఎట్ల ఇరిగింది మేడం?"

"తప్పుగా దూకారు."

తర్వాత ఆవిడే చెప్పారు. ఆ పొద్దుటి వరకూ సారు ఏనాడూ గుర్రం ఎక్కలేదట. ముందురోజంతా సోఫా చేతి మీద కూర్చుని సాధన చేశారట.

"వద్దండీ అని బతిమాలాను. పిల్లలకు చెప్పాక ఎలా మానతానే అన్నారు. అది కూడా రాయి నాన్నా."

రాశాను. సభలో ఆ భాగం నన్ను చదవనివ్వలేదు. మైకు తీసుకుని ఆవిడే చదివారు.