చెల్లని ఏడుపు

తుని మార్కెట్ వీధి చివర గున్నేశ్వరరావు గారి కొట్టు ఉంది. వలలు, తాళ్ళు, నైలాను దారం, సీసపు గుళ్ళు అమ్ముతాడు. ఇంట్లో కోడిగుడ్డు కూడా ముట్టరు. ఆయన భార్య జగదాంబ చేప అన్న మాట నోటితో పలకదు, 'నీళ్ళలోది' అంటుంది. అయినా మూడు తరాలుగా ఆ ఇంట్లో ఉడికే అన్నం చేపలు పట్టేవాళ్ళ చేతుల మీదుగానే వస్తోంది. లోకంలో ఇలాంటి చుట్టరికాలు చాలా ఉంటాయి, వాటికి వరస పేర్లు పెట్టలేదంతే.

ఆ కొట్టు అరుగు మీద మధ్యాహ్నం పూట తలుపులమ్మ కూర్చుంటుంది. ఆమెది తొండంగి దిగువన సముద్రపొడ్డు పేట. పొద్దున్నే సత్తు బేసినులో కవళ్ళో కానాగంతలో, ఆ పూట దొరికిన చేపలు వేసుకుని ఆటోలో తుని వస్తుంది. సరుకు అమ్ముడయ్యాక బేసిను బోర్లించి, దాని మీద మోచెయ్యి ఆనించి, దుర్గాసాయి ఆటో నిండేదాకా అక్కడే ఉంటుంది. షేరాటో నిండడానికి పట్టే కాలం గురించి ఎవరూ పుస్తకం రాయలేదు గానీ, రాయాల్సిన సంగతి. పేటల్లో ఆడవాళ్ళకి కాళ్ళు చాపుకునే వీలు ఆ కాస్తసేపే. రైలు రాకడలా దానికి వేళంటూ లేదు. ఒక్క మనిషి తక్కువైనా ఆటో కదలదు. తలుపులమ్మకి మాత్రం ఆ మనిషి ఆలస్యంగా రావడమే ఇష్టం. మోకాళ్ళు అరిగిపోయాయి. ఇంటికెళ్ళినా కూర్చోబెట్టేవాళ్ళు లేరు.

అరుగు మీంచి చూస్తే కొట్లో గోడకి టీవీ కనిపిస్తుంది. ఈ ఏడు దాంట్లో 'రక్తతెరచాప' అని ఒక డబ్బింగు సీరియలు మొదలైంది. రాత్రి వేసినది మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ వేస్తారు. ఉత్తరాన మంచుదేశాల నుంచి పొడుగాటి పడవల మీద వచ్చి ఒడ్డు ఊళ్ళు దోచుకుపోయే వైకింగులు ఒకవైపు, గాదెలు నింపుకుని గంటలు మోగించుకుని ప్రార్థనలు చేసుకునే సాక్సన్లు ఇంకోవైపు. ఇంగ్లండు గడ్డ మీద పదకొండు వందల ఏళ్ళ కిందటి గొడవ. ఆ రోజుల్లోనే ఇక్కడ చాళుక్య భీముడు రాష్ట్రకూటులతో తలపడుతూ, ఊపిరి పీల్చుకునే సందు చూసుకుని సామర్లకోటలో భీమేశ్వరుడికి గుడి కట్టించాడు. ఎక్కడివాళ్ళకి అక్కడ చేతినిండా పనే. ఓడల్లో దిగే తెల్లవాళ్ళు మన ఒడ్డుకీ కొత్త కాదు. జగన్నాథపురంలో డచ్చివాళ్ళు దిగారు, యానాంలో ఫ్రెంచివాళ్ళు దిగారు. గొడ్డళ్ళ బదులు తూనికరాళ్ళు పట్టుకుని దిగారు. ఏది మేలో చరిత్రకారులు ఇంకా తేల్చలేదు.

గున్నేశ్వరరావు కొట్టు ముందు మాత్రం మొదటి వారంలోనే తేలిపోయింది. చేపలమ్మే ఆడవాళ్ళంతా వైకింగుల పక్షం చేరారు.

"పాపం, మంచుదేశమంట. గింజ మొలవదంట. తిండి లేక వచ్చేరండి," అంది వెంకటదుర్గ. తలుపులమ్మ పక్కింటి మనిషి, పేటలో ఆమె నోటికి ఎదురు లేదు.

"తిండి లేకపోతే ఇంకోడి గాదె కొల్లగొట్టేస్తారా ఏంటమ్మా?" అన్నాడు గున్నేశ్వరరావు గల్లాపెట్టె దగ్గర్నించి. "రేపు నీకు ఆకలేస్తే నా షట్టరు పీకేస్తావా?"

"మీ కొట్లో తినడానికేం ఉన్నాయండి, సీసపు గుళ్ళు తప్ప."

ఆ రోజు నుంచి ఆయన సాక్సను గారు. వాళ్ళు వైకింగులు. ఆటో దిగి వస్తుంటేనే ఆయన "వచ్చేర్రా వైకింగులు, సరుకు లోపల పెట్టండి" అని కొట్లో కుర్రాళ్ళకి చెప్పేవాడు. జగదాంబ గారికి ఏ పక్షమూ నచ్చలేదు. "ఇన్నాళ్ళ నుంచి చూస్తున్నాను, ఒక్కడైనా స్నానం చేసిన పాపాన పోలేదు," అని లోపలికి వెళ్ళిపోయేది. మళ్ళీ వచ్చి నిలబడి చూసేది.

తలుపులమ్మ ఎక్కువ మాట్లాడేది కాదు. క్యారేజీలో చద్దన్నం తింటూ చూసేది. సీరియల్లో వైకింగుల నాయకుడు ఒకసారి తోలుబూట్లతోనే పడవ ఎక్కాడు. అరుగు మీద ఆడవాళ్ళందరూ ఒక్కసారి నాలిక కరుచుకున్నారు. వాళ్ళ పేటలో పడవంటే ఇలవేల్పు కింద లెక్క. చెప్పులతో ఎక్కరు, కాలు తగిలితే కళ్ళకద్దుకుంటారు.

"అయిపోయింది, ఆ పడవ తిరిగి రాదింక," అంది వెంకటదుర్గ.

"వాళ్ళ దేశంలో చలమ్మా. చెప్పుల్లేకపోతే వేళ్ళు రాలిపోతాయి," అన్నాడు గున్నేశ్వరరావు.

"రాలితే రాలనియ్యండి. మనిషి మిగులుతాడు కదండి."

ఆ సీరియలు రాసినవాడికి ఈ పట్టింపు తెలియదు గానీ, ఆ పడవ నిజంగానే తిరిగి రాలేదు.

ఇక్కడ తలుపులమ్మ సంగతి చెప్పాలి. ఆమె మొగుడు చిట్టియ్య ఒక తుపానుకి ముందు వేటకి వెళ్ళాడు. అతనితో వెళ్ళిన పడవలన్నీ వచ్చాయి, అతనిది రాలేదు. చెక్కముక్క కూడా ఒడ్డుకు కొట్టుకు రాలేదు. ఎన్నేళ్ళయిందో ఎవరైనా అడిగితే ఆమె, కూతురి పెళ్ళికి ముందు అంటుంది. కూతురికిప్పుడు బడికెళ్ళే పిల్లలు.

ఆ పేటలో ఒక కట్టుబాటు ఉంది. సముద్రం మీద మనిషి కానరాకుండా పోతే, కబురు తెలిసేదాకా కట్టుకున్నది ఏడవకూడదు. కన్నీళ్ళయినా నీళ్ళే కదా, అవి కారాయంటే ఆ మనిషికి నీళ్ళు వదిలేసినట్టే. ఆమె ఏడవనంతకాలం గంగమ్మ అతన్ని తన లెక్కలో రాసుకోదని నమ్మకం. అందుకని తలుపులమ్మ ఏడవలేదు. బొట్టు పెట్టుకుంది, గాజులు వేసుకుంది. పేరంటానికి ఆమెని పిలవాలో మానాలో తెలియక జనమే ఇబ్బంది పడ్డారు. తర్వాత్తర్వాత పిలవడం మర్చిపోయారు.

ఆమె అత్త రత్నమాణిక్యం ఇంకో అడుగు ముందుకు వేసింది. కొడుకు వచ్చేసరికి ఇంట్లో మనిషి లేకపోతే ఎలా అని ఊరు దాటడం మానేసింది. బోట్లు ఒడ్డుకు చేరే వేళకి సముద్రం వైపు గుమ్మంలో కూర్చుంటుంది. మనవరాలి పెళ్ళి సామర్లకోటలో జరిగితే దానికీ వెళ్ళలేదు. ఎదురుచూడ్డం కూడా ఒక ఉద్యోగమే, దానికి సెలవులు ఉండవు. ఇద్దరు ఆడవాళ్ళు ఒకే ఇంట్లో ఒకే మనిషి కోసం ఎదురుచూస్తూ, ఆ మనిషి పేరు ఎత్తకుండా ఏళ్ళు గడిపారు. పొద్దు గూకేసరికి ఎంత అలసిపోయేవాళ్ళో వాళ్ళకే తెలుసు.

ఒకరోజు సీరియల్లో వైకింగు నాయకుడి భార్య ఒడ్డున నిలబడి ఉంది. జుట్టు నెరిసింది. అలల్లో ఒక చెక్క కొట్టుకొచ్చింది, పడవ ముందుండే పాము తల. ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఇసక దులిపి, చీరలాంటి ఆ బట్ట చెంగుతో తుడిచింది. తర్వాత నోరు తెరిచి ఏడ్చింది. డబ్బింగు చెప్పినావిడ ఏ ఊరిదో గానీ, మన గోదావరి ఒడ్డు మనిషిలాగే రాగం తీసింది.

తలుపులమ్మ చేతిలో అన్నం ముద్ద ఉంది. అది అలాగే ఉంది. కళ్ళ నుంచి నీళ్ళు గడ్డం మీదుగా క్యారేజీలోకి కారాయి. చప్పుడు లేదు. ముందు వెంకటదుర్గ చూసింది, చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గున్నేశ్వరరావు రిమోటు తీసుకుని టీవీ నోరు నొక్కేశాడు. జగదాంబ చెంబుతో నీళ్ళు తెచ్చి, ఎప్పుడూ దూరంగా పెట్టి వెళ్ళే మనిషి, ఆమె చేతికే ఇచ్చింది.

"ఎవరూ ఏం అనకండి," అంది తలుపులమ్మ. "దానికోసం వచ్చింది ఏడుపు. ఆ తెల్లదానికోసం."

ఆటో నిండింది. అది పేట చేరేలోగా ఎవరో ఫోన్లో ఎవరికో చెప్పారు, తలుపులమ్మ తునిలో ఏడ్చింది అని. చెప్పినంతవరకూ అబద్ధం లేదు. పేటలో ఆ మాటకి ఒకటే అర్థం, చిట్టియ్య కబురు తెలిసిందన్నమాట.

ఆటో దిగేసరికి పేట పేటంతా ఆమె గుమ్మం ముందు ఉంది. సాయంత్రం వేటకి తోయాల్సిన బోట్లు ఇసకలోకి లాగేసి ఉన్నాయి, పోయిన మనిషికి మర్యాద అది. ముత్తైదువులు పసుపు గిన్నెతో ఓ పక్కగా నిలబడ్డారు. రత్నమాణిక్యం మామూలు చోటే కూర్చుని ఉంది, మొహం మాత్రం ఇటు తిప్పింది.

అదంతా చూసి తలుపులమ్మకి బెంగ రాలేదు. హమ్మయ్య అనిపించింది. ఇంతమంది వచ్చారు, పసుపు కలిపారు, బోట్లు ఆపారు, ఇంక తను చెయ్యాల్సిందేం లేదు. ఒక్కమాట అనకుండా ఊరుకుంటే చాలు, అయిపోతుంది. రేపటి నుంచి ఎదురుచూడక్కర్లేదు.

కులపెద్ద వీరబ్రహ్మం ముందుకొచ్చాడు. "కబురేంటమ్మా? ఎక్కడ దొరికేడు?"

గుమ్మంలో అత్త కళ్ళు చూశాక ఊరుకోలేకపోయింది. "కబురేం లేదు మావా. టీవీలో ఒకావిడ మొగుడు పోయేడు. చూసి ఏడ్చేను."

"టీవీలోనా?"

"వైకింగులని. తెల్లోళ్ళు."

ఎవరో వెనకనుంచి కిసుక్కుమన్నారు. వీరబ్రహ్మం అటు చూడగానే ఆగిపోయారు. ఆయన గడ్డం గోక్కున్నాడు. పెద్దరికంలో ఎన్నో తగవులు తీర్చాడు, ఇలాంటిది రాలేదు. ఏడ్చిన మాట నిజం, ఏడ్చింది చిట్టియ్య కోసం కాదు. రత్నమాణిక్యం వైపు చూశాడు.

"పరాయివాడికోసం ఏడ్చిన ఏడుపు చెల్లదు," అన్నాడు ఆఖరికి. "మనోడికి నీళ్ళు వదిలినట్టు కాదు. పదండ్రా, బోట్లు తోయండి."

జనం కదిలారు. పసుపు గిన్నె తెచ్చినవాళ్ళే వెనక్కి పట్టుకుపోయారు. తలుపులమ్మ బేసిను కడిగి, గోడకి ఆనించి, పొయ్యి వెలిగించింది. వీరబ్రహ్మం తనకి మేలే చేశాడని ఆమెకి తెలుసు. అయినా చెంబెడు నీళ్ళు ఎత్తడానికి కూడా ఆ సాయంత్రం చేతులు రాలేదు.

తర్వాత కొన్నాళ్ళు అత్తాకోడళ్ళ మధ్య ఆ ఊసు లేదు. ఒకరోజు అన్నం కలుపుతూ రత్నమాణిక్యం అడిగింది.

"అది ఎన్నాళ్ళు చూసిందే, మొగుడికోసం?"

"ఎవరత్తా?"

"ఆ తెల్లది."

"చాన్నాళ్ళు. జుట్టు నెరిసిపోయింది."

"అత్త లేదా దానికి?"

"చూపించలేదు."

ముసలావిడ ఇంకో ముద్ద తింది. "రేపు నేనూ వస్తాను. చూస్తాను అదేంటో."

తలుపులమ్మ చెయ్యి కంచంలో ఆగిపోయింది. "మరి ఇంటికాడ..."

"తాళం వెయ్యి," అంది రత్నమాణిక్యం.

ఆ ఇంటికి తాళం లేదు. అవసరమే పడలేదు. వెంకటదుర్గ ఇంటి నుంచి ఒకటి తెచ్చి వేశారు. ఆటోలో ముసలావిడ ముందు సీట్లో, దుర్గాసాయి పక్కన కూర్చుని, హైవే మీద లారీలు చూస్తూ వచ్చింది. కడియం నర్సరీ మొక్కల లారీ ఒకటి పచ్చగా ఊగుతూ దాటిపోతే, "ఇవన్నీ ఎక్కడికి పోతాయి నాయనా?" అని అడిగింది. దుర్గాసాయి చెప్పిన ఊళ్ళలో ఒక్కదాని పేరూ ఆమె ఇదివరకు విన్నది కాదు.

కానీ తునిలో ఆ మధ్యాహ్నం కరెంటు లేదు. టీవీ నల్లగా ఉంది. గున్నేశ్వరరావు విసనకర్రతో విసురుకుంటున్నాడు. ఎవరొచ్చారో తెలియగానే లేచి స్టూలు వేశాడు.

"వైకింగుల పెద్దమ్మ గారు వచ్చేరన్నమాట. కరెంటు వాళ్ళకి మర్యాద తెలీదండి, మామ్మగారూ. సాయంత్రానికి గానీ రాదంట."

"పోన్లే బాబూ. నువ్వు చూసేవు కదా. చెప్పు."

ఆయన చెప్పాడు. కాకపోతే సాక్సన్ల వైపు నుంచి చెప్పాడు. రాజుగారి గాదెలు, తగలబడిన ఊళ్ళు, పూజారుల బాధలు, అన్నీ వచ్చాయి. వెంకటదుర్గ మధ్యలో అడ్డం పడి, "అలా కాదండి, ముందు మీ సాక్సన్లేమన్నారో చెప్పండి" అని సరిచేస్తోంది. రత్నమాణిక్యం ఓపిగ్గా విని, ఆయన ఊపిరి తీసుకున్నప్పుడు అడిగింది.

"పడవ మీద పోయినోడు తిరిగొచ్చేడా?"

గున్నేశ్వరరావు తలుపులమ్మ వైపు చూశాడు. వ్యాపారస్తుడు, ఏ మాట ఎవరికి ఎంత బరువో తెలిసినవాడు. "ఇంకా చూపించలేదండి మామ్మగారూ. వస్తాడేమో."

"చూపించేరు," అంది తలుపులమ్మ. "రాలేదత్తా. చెక్క ఒక్కటి వచ్చింది. ఇంక రాడు."

గోడకి వేలాడే వలలు గాలికి కాస్త కదిలాయి. ముసలావిడ ఒక వల అంచు వేళ్ళతో పట్టుకుని, ముడి గట్టిదో కాదో చూసి, వదిలేసింది.

"మనోడూ రాడు," అంది. "నాకు తెలుసు. నువ్వు ఎదురుచూస్తన్నావు కదా అని నేను కూర్చున్నాను."

"నువ్వు కూర్చున్నావని నేను చూసేను," అంది తలుపులమ్మ.

ఆమె కొంగు కళ్ళ మీదికి తీసుకుంది. రత్నమాణిక్యం కోడలి చెయ్యి మీద చెయ్యి వేసి నొక్కింది.

"ఇక్కడొద్దు. షావుకారి అరుగు మీద ఏడిస్తే ఆయనకి బేరం పోద్ది. ఇంటికెళ్ళి ఏడుద్దాం, ఇద్దరం."

గున్నేశ్వరరావు అటు తిరిగి, అక్కర్లేని తాడు చుట్ట ఒకటి విప్పి మళ్ళీ చుట్టడం మొదలుపెట్టాడు. జగదాంబ లోపలికి వెళ్ళి రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చింది. వాళ్ళు తాగారు. ఎండ అరుగు సగం దాకా వచ్చింది, కాళ్ళు వెనక్కి లాక్కున్నారు.

వీధి చివర ఆటోలో కూర్చుని దుర్గాసాయి అరుస్తున్నాడు. ఇంకా ఒక్క మనిషి తక్కువ.