ఎవరు తీర్చాలో రాయని మొక్కు

పోయిన ఆదివారం మా అమ్మాయి, ఆమె ఆఫీసు స్నేహితులు మా హాలులో చాప పరచుకుని, కథలో తలా ఒక పాత్ర తీసుకుని పాచికలు వేస్తూ ఆడే ఆట ఆడారు. పూజారి పాత్రకు దేవుడిచ్చే శక్తులు మరీ ఎక్కువైపోయాయని, వాటికి పగ్గాలు వేయాలని గంటసేపు వాదించుకున్నారు. వరండాలో పేపరు చదువుతున్న నాకు ఒళ్లు మండింది. ఆ పిల్లల తప్పేమీ లేదు, నాకు మా మేనత్త కొడుకు గుర్తొచ్చాడు.

మన వయసు వాళ్లకు ఇటువంటి ఆటలు తెలియవనుకుంటారు గానీ, ఇందుకూరుపేట దగ్గర రొయ్యపిల్లల హేచరీలో నేనూ బావా కొత్తగా పనికి కుదిరిన రోజుల్లో, మద్రాసులో చదివొచ్చిన మా పెద్దమ్మ కొడుకు ఒక ఇంగ్లీషు రూల్సు పుస్తకం తెచ్చి మాకు ఈ ఆట అంటించాడు. ఆదివారం మధ్యాహ్నాలు ఆడేవాళ్లం. కథ నడిపేది ఆ అన్న, పూజారి బావ, కత్తి పట్టిన వీరుణ్ణి నేను. రెండేళ్లపాటు దెబ్బలు తిని, ఒక్కో మెట్టూ ఎక్కించి పెంచుకున్నాను వాణ్ణి.

ఆ పుస్తకం ప్రకారం పూజారి పొద్దున్నే దండం పెట్టుకుంటే చాలు, ఎంత గాయమైనా మానిపోయేది. ఇక యుద్ధమంటే భయమేముంటుంది? మన దేవుళ్లు ఊరికే ఇవ్వరు గదా అని, వారం రోజులు కూర్చుని నేనే మొక్కు పద్ధతి రాశాను. గీరుకుపోతే టెంకాయ, కాలు విరిగితే తలనీలాలు, ప్రాణం దక్కితే జన్మంతా గుడి సేవ. మొక్కు తీరేదాకా దేవుడు మరో కోరిక వినడు. అన్న మెచ్చుకుంటే పొంగిపోయాను. అయితే తీర్చాల్సింది ఎవరో రాయలేదు. మా ఇళ్లలో అమ్మ మొక్కుకుంటే పిల్లవాడికి గుండు కొట్టించడం మామూలే కనుక, అదొక లోపమని చాలా రోజులు తోచనే లేదు. తోచిన రోజు, సైకిల్ మీద మైపాడు పోతూ, "మొక్కినోడే తీర్చాలని రాయడం మరిచిపోయినా బావా, ఆదివారం చేరుస్తా" అని ఆయనకొక్కడికే చెప్పాను.

ఆదివారం హేచరీలో పంపు చెడిపోయి నేను ఆలస్యంగా వెళ్లేసరికి ఆట మొదలైపోయింది. ఆట నడుమ రూలు మార్చకూడదని మా కట్టుబాటు. సముద్రపు పాము మా అందరినీ చుట్టేసి ఉంది. బావ పాచికలు చేతిలోకి తీసుకుని, నా మొహం చూడకుండా, "ఈ పాము చస్తే మా వాణ్ణి నీ గుడికి ఇచ్చేస్తా సామీ" అని మొక్కాడు. ఆరు పడింది, పాము చచ్చింది. అన్న రూలు రెండుసార్లు చదివి, నా చేతిరాతనే నాకు చూపించాడు. నా వీరుడు కత్తి దించి గుడి వాకిలి ఊడవడానికి వెళ్లిపోయాడు.

"నువ్వు రాసిందే గదరా!" అని బావ పగలబడి నవ్వాడు. నమ్మి చెప్పిన మాటను కడుపులో దాచుకుని నా మీదే వాడాడే అని నాకు ఏడుపొచ్చింది. ఇంత చిన్నదానికి ఇన్నేళ్లు కోపమా అని మా ఆవిడ దెప్పుతూనే ఉంటుంది.

ఇప్పటికీ పెళ్లిళ్లలో బావ నా పక్కనే కూర్చుంటాడు, ఆ పాము సంగతి తీసి అందరినీ నవ్విస్తాడు, నేనూ నవ్వుతాను. ఒకప్పుడు నాకు ఏం జరిగినా మొదట తెలిసేది ఆయనకే. ఆ తరవాత నా పెళ్లి కుదరడం, హేచరీ మానేయడం, పోయినేడాది గుండెకు ఆపరేషను, అన్నీ ఆయనకు అందరితో పాటే తెలిశాయి.