లేని కాళ్ళకు మర్యాద

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నాకు పెళ్ళయి ఏడాది. యుద్ధంలో రెండు కాళ్ళూ మోకాళ్ళ దాకా పోగొట్టుకున్న మా ఆయన పాత మిలిటరీ జీపొకటి కొన్నారు. కోడుమూరు కమ్మరి క్లచ్చుకొకటి, బ్రేకుకొకటి పొడుగాటి ఇనుప కడ్డీలు బిగిస్తే, వాటిని చేత్తో నొక్కుతూ నడిపేవారు.

ఒక ఉదయం ఇద్దరం కర్నూలుకు బయలుదేరాం. వాగులోకి దిగే ఏటవాలులో బ్రేకు కడ్డీ ఊడి ఆయన చేతికొచ్చేసింది. కింద ఆడవాళ్ళు బట్టలు ఉతుకుతున్నారు.

"కడ్డీ ఊడిపాయ! నీ కాలు ఇట్ల పెట్టి బ్రేకు తొక్కు!" అని ఆయన అరిచారు.

తొక్కాలంటే ఆయన ఒడి మీదుగా కాలు చాపాలి. మొగుడి మీద కాలు వేయడమా?

"అయ్యో, మీ మీద కాలు యాట్ల పెట్టేది?"

"లేని కాళ్ళకు మర్యాదేందే! తొక్కు!"

కళ్ళు మూసుకుని చాపాను. తగిలింది బ్రేకు కాదు, ఆయన తొడ. ఆడవాళ్ళు కేకలు పెడుతూ చెదిరిపోయారు. జీపు ఇసుకలో కూరుకుపోయి దానంతటదే ఆగింది.

నేను అలవాటుగా ఆయన తొడను తాకి, చేయి కళ్ళకద్దుకున్నాను. ఆయన నా వైపు చూడలేదు. ముందు చక్రానికి జానెడు దూరంలో, చీర మడతల మీద ఒక పసిబిడ్డ నిద్రపోతోంది.

"నాకెందుకు మొక్కుతాండావు? పోయి ఆ బిడ్డకు మొక్కు," అన్నారు.

ఇప్పటికీ ఎవరికైనా నా కాలు తగిలితే, కళ్ళ దాకా లేచిన చేయి మధ్యలోనే ఆగిపోతుంది.