బ్రంచ్‌కి నాలుగు ఫోటోలు

కొత్తగా ఉద్యోగం దొరికినవాడికి ఇంగ్లీషు మాటలు కొత్త చొక్కాల్లాంటివి. నలుగురిలో వేసుకుని తిరిగితే తప్ప తృప్తి ఉండదు. షాద్‌నగర్‌లో మందుల ఫ్యాక్టరీలో చేరిన ఆ రోజుల్లో నేను అలా తిరుగుతుండగానే, మా వీధి చివర హోటల్ ఆదివారాలు 'బ్రంచ్' పెట్టడం మొదలుపెట్టింది. జనం ఎగబడ్డారు. (పొద్దున టిఫిన్‌కీ మధ్యాహ్నం అన్నానికీ నడుమ తినేదన్నమాట. మా ఊళ్లో గొర్రెలు కాసేవాళ్లు తరతరాలుగా పదకొండింటికే సద్ది విప్పుతున్నారు. దానికో పేరు పెట్టుకోవడం తెలియక వెనకబడ్డారు.)

అంతకు నెల ముందు మా నాన్న, బాపు, చెప్పకుండా నన్ను చూడటానికి ఫ్యాక్టరీకి వచ్చాడు. గొర్రెల మందను పక్కింటాయనకు అప్పగించి, భుజాన గొంగడితో అలాగే బస్సెక్కాడు. లోపలికి రావాలంటే పాసు కావాలని, పాసుకు ఫోటో కావాలని గేటు దగ్గర ఆపేశారు. నేనే బయటికి వెళ్లి కలవొచ్చు. కానీ నా పక్కన మేనేజరు ఉన్నాడు, బాపు భుజాన గొంగడి ఉంది. 'డ్యూటీలో ఉన్నా' అని కబురు పంపాను. (అబద్ధం కాదు. డ్యూటీలో టీ తాగుతున్నాను.) బాపు రెండు గంటలు నిలబడి, నాకోసం తెచ్చిన జొన్నరొట్టెలు వాచ్‌మన్‌కిచ్చి వెళ్లిపోయాడు. రొట్టెలు బాగున్నాయని వాచ్‌మనే చెప్పాడు. తినకపోయినా అవి నాకు అరగలేదు. చివరికి ఫోన్ చేశాను.

"బాపూ, ఆదివారం రా. బ్రంచ్‌కి తీస్కపోత."

"బ్రాంచికా? నన్ను రానిస్తరా?"

"ఎందుకు రానియ్యరు?"

"అయితె వస్త బిడ్డా."

ఆదివారం తెల్లపంచెతో, నున్నటి గడ్డంతో వచ్చాడు. గొంగడి లేదు. హోటల్ గుమ్మం దగ్గర ఒకమ్మాయి పుస్తకంలో పేర్లు రాసుకుంటోంది. నేను నోరు తెరిచేలోపే బాపు జేబులోంచి చిన్న కవరు తీసి ఆమె ముందు పెట్టాడు. అందులో కొత్తగా దిగిన పాస్‌పోర్టు ఫోటోలు నాలుగు.

"ఇగో బిడ్డా, పాసుకు. గీపారి తెచ్చుకున్న."

"పాసేంది తాతా? పేరు చెప్పు, చాలు."

"గంతేనా? గా గేటు కాడి సారుకన్న నువ్వే నయం."

లోపల కూర్చున్నాక చుట్టూ చూశాడు. "ఆదివారం గూడ వీళ్లందరికి డ్యూటేనా?" దోసె వచ్చింది. "క్యాంటీన్ మంచిగుంది. మరి నీ కుర్సి యాడ?"

"ఏం కుర్సి బాపూ?"

"నువ్వు కూసోని పనిచేసేది. గది సూడనీకేగదరా వచ్చింది! బ్రాంచి అంటివి గద?"

కిటికీ పక్క కుర్చీ ఒకటి చూపించి 'గదే' అందామనుకున్నాను. అందులో ఎవరో ఐస్‌క్రీమ్ తింటున్నారు.

"ఇది హోటల్ బాపూ. బ్రంచ్ అంటే... తినుడు."

బాపు నవ్విన నవ్వుకు పక్క బల్లలవాళ్లు తిరిగి చూశారు. "తినుడుకు నాలుగు ఫోటోలు దిగిన!" తర్వాత ఆ నవ్వు మెల్లగా తగ్గింది. కవరు నా జేబులో పెట్టాడు. "నీ కాడనే ఉంచు. నీ కుర్సి సూడనీకి ఇంకోపారి వస్త. జర జల్ది పాసు చేపియ్యి."

"చేపిస్త," అన్నాను. ఆ వారం షిఫ్టు మారింది. పై నెల పెద్దసార్లు తనిఖీకి వచ్చారు. నాకు ఎప్పుడూ ఏదో ఒక మంచి కారణమే దొరికింది. ఆ ఎండాకాలం బాపు మంద దగ్గరే, తుమ్మచెట్టు నీడలో కూలబడి మళ్లీ లేవలేదు.

ఫ్రేము కట్టించడానికి వెతికితే ఇంట్లో బాపు ఫోటో ఒక్కటీ లేదు. నా దగ్గర నాలుగున్నాయి. ఒకటి పెద్దది చేయించాం. అందులో బాపు, లోపలికి పంపుతారో లేదో అన్నట్టు చూస్తుంటాడు.

ఇంకొకటి ఇప్పుడు ఫ్యాక్టరీలో నా బల్ల మీద, నా కుర్చీకి ఎదురుగా ఉంది. దాన్ని జేబులో పెట్టుకుని తీసుకెళ్లిన రోజు గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను ఆపేశాడు. నా పాసు ఇంట్లో మరిచిపోయాను. బాపును మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.